వాడికి ఇష్టమైన వాంటాన్

“పలచటివి ఇవ్వు. మందంగా ఉంటే వాడు ముట్టడు,” అంది పాపాయమ్మ మలాయి భాషలో.

మలయాలోని తెలుక్ ఆన్సన్ బజారులో నూడుల్స్ చేసి అమ్మే చోంగ్ తలెత్తలేదు. వాంటాన్ కులిట్ అంటే నలుచదరంగా కోసిన పిండి తొడుగులు. వాటిని దొంతరగా పేర్చి, మధ్యమధ్య పొడిపిండి చల్లి, కాగితంలో చుట్టాడు. పాపాయమ్మ కొడుకు గోపాలు అతని దుకాణంలోనే పనిచేసేవాడు, తుపాకులు పట్టిన కమ్యూనిస్టులతో, అడవిలోవాళ్ళతో కలిసిపోయేదాకా.

“తడిగుడ్డ కప్పి ఉంచు, ఎండితే విరుగుతాయి. అంచులు తడిచేసి గట్టిగా నొక్కు. లోపల గాలి ఉంటే నూనెలో పగులుతాయి,” అన్నాడు చోంగ్.

“ఎప్పుడూ వాడే చుట్టేవాడు. నేను తినడమే.”

చోంగ్ ఏదో అనబోయి, పొట్లం ఆమె చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె ఉండే ఎస్టేటు గేటు దగ్గర సోదా. అడవిలోవాళ్ళకి గుప్పెడు బియ్యం కూడా చేరకూడదని సర్కారు పట్టుదల. ఆ పూట కాపలా ఆంథోనీది. ఖాకీ వేసుకున్నా ఎస్టేటు కూలీల లైనిళ్ళ పిల్లాడే, గోపాలుతో కలిసి పెరిగినవాడే.

“ఏటత్తా, పొట్లంలో?”

“వాంటాన్ కులిట్.”

“నువ్వెప్పుడు సేసినావు ఇయ్యి? గోపాలు కదా...” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఆడు వస్తన్నాడా?”

పాపాయమ్మకి అబద్ధం చేతకాదు. ఆ సంగతి లైనంతటికీ తెలుసు.

“రావాలనే సేస్తన్నాను. ఇయ్యాల మజ్జానం.”

“నీకెలా తెలుసు?”

“కబురొచ్చింది. ఆళ్ళయ్య జపానోళ్ళ కాలంలో సయాం రైలు పనికి పోయినాడు, ఏటయినాడో కబురే లేదు. ఈడి కబురైనా వచ్చింది.”

“ఎవులు సెప్పినారు?”

“అది మాత్రం నన్నడక్కు, నాయనా.”

ఆంథోనీ జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన కొత్తలో విమానాలు అడవి మీద గుమ్మరించిన కాగితాల్లో అదొకటి. లొంగిపోయినవాళ్ళకి క్షమాభిక్ష అని అందులో ఉంది.

“తుపాకీ దించేసి వస్తే కాల్చరు. నిజిమే లా, అత్తా! నాను ముందు నిలబడతాను. ఒట్టు.”

“ఆడికింక తుపాకీతో పనేటుంది?” అంటూ ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. “కోపంగా ఎళ్ళిపోయినాడ్రా. ఎల్లొద్దని తిట్టినాను. ఆ పూట బువ్వ కూడా ఎట్టలేదు. కడుపు మాడ్చుకుని పోయినాడు. ఇయ్యాల తింటే చాలు నాకు.”

ఆంథోనీ వెళ్ళి సార్జెంటుకి చెప్పాడు. చెప్పకపోతే వేరే పోలీసులు ఎవరో చూసి అడగకుండా కాల్చేస్తారు, చెబితే ప్రాణమైనా దక్కుతుంది. పాపం, అలా అనుకున్నాడు. స్నేహితుడి ప్రాణం తన చేతిలోనే ఉందనుకున్నాడు.

మధ్యాహ్నం కాకముందే సార్జెంటూ అతని మనుషులూ పెరట్లో కొబ్బరిపీచు గుట్ట వెనక దాక్కున్నారు. పాపాయమ్మ తలారా స్నానం చేసి, తడి జుట్టుతోనే పొయ్యి ముందు కూర్చుంది. సన్నగా తరిగిన రొయ్యల ముద్దను ఒక్కో తొడుగులో పెట్టి మడుస్తోంది. మొదటిదాంట్లో గాలి ఉండిపోయినట్టుంది, నూనెలో వెయ్యగానే ఫట్‌మని పగిలి చెయ్యి కాలింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“కొన్నాళ్ళుగా ఈ ఇంట్లో మూకుడే పెట్టలేదు. నూనె వాసనే లేదు. కొడుకొస్తాడనే ఇవాళ పెట్టింది,” అన్నాడు ఆంథోనీ సార్జెంటుతో. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే పిల్లాడికి అంతకుమించి ఏం తోస్తుంది?

అతను వంటింట్లోకొచ్చి ఒక వాంటాన్ అందుకోబోయాడు. “ఉప్పు సరిపోయిందో నేదో సూడనా?”

పాపాయమ్మ చేతిమీద ఒక్కటేసింది. “ముందు ఆడు తినాల. తరవాతే ఎవులైనా.”

“నువ్వూ రుసి సూడలేదా?”

“నానెలా సూస్తాన్రా, పిచ్చోడా!”

వాంటాన్లు అరిటాకులో పెట్టుకుని పెరటి చివరికి, కొబ్బరితోట మొదలుకి నడిచింది. సార్జెంటు అడ్డం వచ్చాడు.

“ఇంట్లోనే పెట్టొచ్చుగా?”

“ఇంట్లోకి రాడయ్యా.”

సార్జెంటు తలాడించాడు. అడవిలోవాళ్ళు తోట అంచున పెట్టిన తిండి పట్టుకుపోవడం అతను ఎరిగినదే.

“మీరిలా కనబడుతుంటే రాడు. దూరంగా పొండి,” అందామె. వాళ్ళు గుట్ట వెనక్కి తగ్గారు.

ఎండ నడినెత్తికొచ్చింది. ఆకులో వాంటాన్లు చల్లారిపోయాయి. ఆంథోనీ ఉండబట్టలేక అరిచాడు.

“గోపాలూ! సేతులెత్తి రారా! ఎవులూ కాల్చరు!”



“ఇంక రాడేమో,” అన్నాడు సార్జెంటు, చెమట తుడుచుకుంటూ.

ఆ మాటకి పాపాయమ్మ ఆకు ముందు చతికిలబడి ఏడుపు అందుకుంది. “రా, నాయనా! ఇంకా కోపమేటి అమ్మ మీద? తప్పయిపోనాది. నీకు ఇష్టమని నాకు సేతకాపోయినా సేసినాను. ఒక్కటంటే ఒక్కటి తినిపో. ఈ పేణం కుదుటపడతాది.”

కొబ్బరాకులు కదిలాయి. తుపాకులు ఒక్కసారిగా లేచాయి. ఆంథోనీ పరుగెత్తుకెళ్ళి గొట్టాలకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. “కాల్చకండి! దణ్ణం పెడతాను, కాల్చకండి!”

అతని వెనక పాపాయమ్మ రెండు చేతులూ జోడించింది.

“వచ్చినాడు,” అంది.

కాకి ముట్టింది.