పందెం రోజు పారేసిన నార

అడవిలో పరుగు పందెం. చూడవచ్చిన జంతువులన్నీ నారతో కట్టిన ఆకు పొట్లాల్లో పళ్లు తెచ్చుకున్నాయి. తిన్నాక ఆ నారలు గడ్డిలో పడేస్తే పసిపిల్లలకు చుట్టుకుంటాయని చారలమ్మ అనే ఉడుతకు భయం. ఎవరూ అడక్కపోయినా బుట్ట పట్టుకుని పొద్దుటి నుంచీ అందరి మధ్యా తిరిగింది.

"నారలు ఇందులో వెయ్యండమ్మా!" అని అరిచి అరిచి అలిసిపోయింది.

"పందెం చూడనివ్వవే! పోయేటప్పుడు వేస్తాలే," అంటూ పొన్నమ్మ కుందేలు తన నారను వెనక్కి విసిరేసింది.

జింక గెలిచింది. అందరూ దాన్ని ఊరేగిస్తూ వెళ్లిపోయారు. చారలమ్మ ఒక్కతే చీకటిపడేదాకా నారలు ఏరింది. అయినా పొడుగు గడ్డిలో కనిపించనివి కొన్ని మిగిలిపోయాయి.

మర్నాడు పొన్నమ్మ ఏడుపు విని చారలమ్మ పరుగెత్తింది. గడ్డిలో ఆడుకుంటున్న కుందేలు పిల్ల మెడకు నార బిగుసుకుంది. చారలమ్మ దాన్ని పళ్లతో కొరికి తెంపింది కానీ, అప్పటికే పిల్లలో ఊపిరి లేదు.

"ఇక్కడ పారెయ్యొద్దని ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే!" అని పొన్నమ్మ గుండెలు బాదుకుంది.

చారలమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది.

"అవునక్కా," అంది. "నేనింకాస్త గట్టిగా చెప్పాల్సింది."