కదలని రోబో

కట్టుకున్న భార్య వజ్రాలకే కన్నం వెయ్యాలని నిర్ణయించుకున్నాడు శ్రవణ్ కుమార్.

వజ్రాలంటే నిజం వజ్రాలు కావు. మన్ను తవ్వుతూ, ఇళ్లు కడుతూ ఆడే కంప్యూటర్ ఆటలోవి. గద్వాలలో ఆ ఇంట్లో ముగ్గురికీ ఆ ఆట పిచ్చి. శ్రవణ్ గనులు తవ్వుతాడు. భార్య నందిని వజ్రాలు పోగేస్తుంది. తల్లి నాగేంద్రమ్మ కోడలిచ్చిన ట్యాబ్‌లో ఇద్దరి ఇళ్ల మధ్యా గోధుమలు, గుమ్మడిపాదులు పెట్టుకుని తీరిగ్గా సేద్యం చేస్తుంది.

పందెం మాత్రం నిజమైనదే. ఆదివారం దీపాలు పెట్టే వేళకు ఎవరి పెట్టెలో వజ్రాలు ఎక్కువుంటే, దసరాకు వాళ్లు చెప్పిన ఊరికి పోవాలి. నందిని గెలిస్తే లింగాలలో ఆమె పుట్టిల్లు. శ్రవణ్ గెలిస్తే వడ్డేపల్లిలో నాయన వైపు పెద్దిల్లు. చిన్నాన్నలు, మేనత్తలు, పిల్లలు, ఇంటినిండా జనం. పెద్ద కోడలు నాగేంద్రమ్మ చేతి బచ్చాలు, అంటే బొబ్బట్లు, తింటే తప్ప అక్కడ ఎవరికీ పండగయినట్టు ఉండదు. ఆ సందడంటే శ్రవణ్‌కు ప్రాణం.

కానీ నందిని పెట్టె నిండుతోంది, తనది నిండటం లేదు. అందుకే, రాసిచ్చిన ఆదేశాల ప్రకారం తవ్వుకుపోయే రోబోను ఆటలో దించాడు. అది నందిని ఇంటి కిందికి సొరంగం తవ్వి, పెట్టె ఖాళీ చేసుకుని రావాలి.

"దొరుకుతవేమో బిడ్డా," చిక్కుడుకాయలు తుంచుతూ అంది నాగేంద్రమ్మ. తల్లికి చెప్పకుండా ఏ పనీ చెయ్యడు శ్రవణ్.

"దొరకనమ్మా. మన్ను, రాయి తప్ప దేన్నీ ముట్టొద్దని రాసిన. ఇంకేదన్న అడ్డమొస్తె సప్పుడు చెయ్యకుంట ఆగిపోతది. ఆమె సామాను ఒక్కటి పగిలినా నన్ను పట్టుకుంటది."

"నా బిడ్డకు మస్తు తెలివి," అని మురిసిపోయింది తల్లి.

శనివారం రోబో సగం దూరం బుద్ధిగా తవ్వింది. ఆదివారం నందిని కూరగాయలకు వెళ్లగానే శ్రవణ్ మళ్లీ దాన్ని నడవమన్నాడు. కదల్లేదు.

దాన్ని నడిపే బొగ్గు అయిపోయిందేమోనని కడుపునిండా బొగ్గు పోశాడు. కదల్లేదు. రాసిన ఆదేశాలన్నీ చదివి, చెరిపి, మళ్లీ రాశాడు. బతిమాలాడు, తిట్టాడు. రోబో సొరంగం నిండా నిలబడి అతనికి వీపు చూపిస్తూనే ఉంది.

కూరగాయల సంచితో వచ్చిన నందిని అతని ముఖం చూసింది. "ఏంది, గంత పరేషాన్ల ఉన్నవ్?"

"ఏం లేదు," అన్నాడు. ఇది నీ పనేనా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే తన దొంగతనం బయటపడుతుంది. అనుమానాన్ని మింగి కూర్చున్నాడు.

దీపాలు పెట్టారు. పెట్టెలు తెరిచారు. నందిని నవ్వుతూ లింగాలకు ఫోన్ చేసి, పండగకు వస్తున్నామని తన తల్లి రామమ్మకు చెప్పింది.

ఉసూరుమంటూ శ్రవణ్ చివరిసారి ఆట తెరిచి, రోబో పక్కనుంచి తవ్వి ముందుకెళ్లి చూశాడు. రోబో ముక్కుకు ఆనుకుని నిగనిగలాడే గుమ్మడికాయ. ఆ ఆటలో గుమ్మడికాయలు పండించేది ఒక్కరే.

నిలదీసేసరికి నాగేంద్రమ్మ బిక్కముఖం వేసింది. "కొత్త బండి గద బిడ్డా, దిష్టి తగుల్తదని పెట్టిన. గట్ల ఆగిపోతదని నాకేం తెల్సు?"

శ్రవణ్ కోపమంతా కరిగిపోయింది. కొడుకు మంచి కోరి చేసిన పని. పాపం, తన వాళ్ల మధ్య పండగ చేసుకునే భాగ్యం తనే పోగొట్టుకుంది.

"పోనీలేమ్మా, బాధపడకు," అని సూట్‌కేసు దించడానికి లోపలికి వెళ్లాడు.

సూట్‌కేసుతో తిరిగొస్తుంటే వసారాలోంచి తల్లి గొంతు వినిపించింది. వియ్యపురాలితో ఫోన్లో మాట్లాడుతోంది.

"వస్తున్నం రామమ్మ వదినా. పెండ్లయిన కాడ్నించి దసరా అంటె వడ్డేపల్లి పొయ్యికాడ్నే తెల్లారుతుండె. ఈసారి నీ ఇంట్ల కుర్చీల కూసొని బచ్చాలు తింట. నీకు చెప్పిన రోబోనా? మన్ను, రాయి కాని దాన్నే సూసి మరీ అడ్డం పెట్టిన గద, ఎట్ల కదుల్తది?"