దొర చెవి

“మెడ పట్టు! మెడ పట్టమంటే తోక పడ్తవేందయ్యా!”

అండాలమ్మ అరుపుకు రామస్వామి తువ్వాలు మూటను నేలకేసి అదిమాడు. లోపలి నుంచి వచ్చిన కూతకు వీధిలో కుక్కలు కూడా మొరగడం మానేశాయి. ముప్పై ఏళ్ళు విజయవాడ హైవే మీద లారీ తిప్పిన చేతులు అయిదు కిలోల ప్రాణిని అదుపు చేయలేకపోతున్నాయి. మూటలోంచి ఒక పంజా బయటపడి, ముంజేతిని మూడు గీతలు చీరింది. రక్తం బొట్లుబొట్లుగా బండల మీద పడింది.

“చంపుతనే నిన్ను!” అని గర్జించాడు. పిల్లినో పెళ్ళాన్నో ఎవరికీ తెలియలేదు.

తలుపు దబదబా మోగింది. కింది వాటాలో ఉండే లలితకుమారి గొంతు. “అండాలమ్మగారూ! ఏమైందండీ? పోలీసులకి ఫోన్ చెయ్యమంటారా?”

“ఏం లేదమ్మా, దొరకు షుగర్ చూస్తున్నం!”

దొర అంటే ఆ పిల్లే. రామస్వామి అన్న జానయ్య పెంచిన పిల్లి. జానయ్యకు షుగర్ ముదిరి మొదట వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఆఖరి రోజున మాట పడిపోయిన మనిషి పిల్లిని తమ్ముడి ఒళ్ళో పెట్టి కళ్ళతోనే అప్పజెప్పాడు. ఆనాటి నుంచి రామస్వామికి సూది కనిపిస్తే చాలు, ఒళ్ళు తెలియని కోపం. “సూది గుచ్చినంకనే పోయిండు మా అన్న” అంటాడు. కాలనీలో ఉచిత పరీక్షలు పెట్టినప్పుడు, ‘ఒక్క చుక్క, అంకుల్’ అని వేలు పట్టుకున్న ల్యాబ్ మనిషి మహేందర్ చెంప పగలగొట్టి, బల్ల తిరగేసి వచ్చాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

అలాంటి ఇంట్లో బాత్రూం నిండా చీమలు బారులు కట్టాయి.

“నీ దొర ఆడనే పోస్తుండు. గది షుగరే” అని అండాలమ్మ తేల్చింది. కూతురు గీత పిల్లిని బుట్టలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో జంతువుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వచ్చేటప్పుడు మీటరు, రక్తపు చుక్క అద్దే పట్టీలు, సూదులు, వాటిని బిగించి గుచ్చే పెన్ను తెచ్చింది.

“రోజూ పొద్దుగాల ఇంట్లనే చూడాలంట నాయినా. చెవి అంచుకు గుచ్చాలె.”

“చెవికా!” రామస్వామి ముఖం పాలిపోయింది. “చూడకుంటే ఏమైతది?”

“పెదనాయినకు అయినట్టే అయితది.”

ఆ మాటకు ఆయన లేచి పాత తువ్వాలు వెతికాడు.

ఇదిగో, ఇవాళే మొదటి రోజు. చాయ్ కూడా తాగనివ్వలేదని పొద్దుటి నుంచీ గొణుగుతున్నాడు. “నువ్వు తాగితే దానికింత పాలు పోస్తవ్. సూది అయ్యేదాక ఇద్దరికీ బంద్” అంది అండాలమ్మ.

“ఇగ గుచ్చుతున్న. గట్టిగ పట్టు.”

రామస్వామి కళ్ళు బిగించి మూసుకుని పళ్ళు కొరికాడు. పెన్ను టక్కుమంది. ఆ చప్పుడుకే దొర పులైపోయాడు. తువ్వాలు చీల్చుకుని, దొరికిన వేలినల్లా గోళ్ళతో చెక్కి, రామస్వామి గుండెల మీదుగా బీరువా మీదికి లంఘించాడు. కుర్చీ పడింది. గాజు గ్లాసు భళ్ళున పగిలింది.

“కండ్లు తెరువకు, చూస్తే తల తిరుగుతది” అంటూ అండాలమ్మ ఆయన చేతికి పసుపు అద్దింది. తర్వాత మీటరు వంక చూసింది.

“మూడొందల నలభై.” చెంగు నోట్లో కుక్కుకుంది.

“పిల్లి కోసం ఏడుస్తవేందే?” అని కసిరాడు రామస్వామి. ఆయన కళ్ళలో కూడా నీళ్ళున్నాయి.

ఆ రోజుతో ఇంటి తీరు మారిపోయింది. దొర తినేది రామస్వామి కంచంలోని మెతుకులే కాబట్టి తెల్లన్నం పోయి జొన్నరొట్టె వచ్చింది. జిలేబీ పొట్లం గడప దాటలేదు. పిల్లికి పొద్దున, సాయంత్రం నడక కూడా కావాలని గీత ఫోన్లో చెప్పింది. మెడకు తాడు కట్టి, రామస్వామి దాన్ని ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ దాకా తిప్పుకొచ్చేవాడు. సగం దారి పిల్లి నడిచేది, మిగతా సగం ఆయన భుజమెక్కేది. ఒకరోజు షేర్ ఆటో డ్రైవరొకడు ఈల వేసి, “తాతా, పులిని తెచ్చినవా?” అన్నాడు. రామస్వామి వాణ్ణి కాలర్ పట్టి ఆటోలోంచి బయటికి గుంజాడు. నలుగురు అడ్డం పడితే గాని వదల్లేదు.

ప్రతి పొద్దునా ఒక యుద్ధం. ఆయన చేతులు దున్నిన చెలకలయ్యాయి. కళ్ళు మూసుకుని చీల్చించుకున్నాడే గాని ఒక్కనాడూ మానలేదు. అంకె మాత్రం మెల్లగా దిగుతూ వచ్చింది.

మూడు నెలలు దాటిన ఒక పొద్దున, పసుపు అద్దుతున్న చేయి ఆపి అండాలమ్మ కేక పెట్టింది. “నూట ఇరవై!”

రామస్వామి ఎగిరి లేచాడు. కారుతున్న చేత్తోనే దొరను పట్టి గోడ మీది ఫోటోకు చూపించాడు. “అన్నా! నీ దొర బతికిండే!” అని బావురుమన్నాడు. దొర ఆయన చెంప మీద ఇంకో గీత గీశాడు. ఆయన నవ్వుకుంటూ తాడు కట్టి నడకకు బయలుదేరాడు.

అండాలమ్మ బండల మీది రక్తం కడిగింది. మీటరు డబ్బాలో పెట్టింది. గీత మొదటి రోజు తెచ్చిన సూదుల పొట్లం సీలు ఊడకుండా అందులోనే ఉంది. దాని మీద పెన్ను పెట్టి మూత వేస్తుండగా ఫోన్ మోగింది. గీత.

“అమ్మా, ఇయ్యాల నాయినకెంత ఒచ్చింది?”