లోలకానికి సైకిలేమిటి?

“లోలకానికి సైకిలేమిటండీ, నా మొహం!” అంటూ లెక్చరరమ్మ చేతిలోని కాగితాలు బల్ల మీద పడేసింది.

కత్తెరాయన తలెత్తలేదు. ‘ఉయ్యాల’ అన్న మాట మీద ఎర్ర గీత గీసి, పైన ‘సైకిల్’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఆయన అసలు పేరు రేడియో స్టేషన్లో ఎవరికీ గుర్తు లేదు. ప్రసారానికి ముందు ప్రతి వాక్యమూ చదివి, సరిహద్దు దాటకూడనివి కోసెయ్యడం ఆయన ఉద్యోగం. అలాంటి మనిషికి ఇంకేం పేరు పెడతారు?

“ఈ ఉయ్యాల మీ ఇంటి వాసన కొడుతోందమ్మా. సొంత సంగతులు గాల్లోకి వదలకూడదు. నియమం.”

“ఉయ్యాల ఎవరింట్లో ఉండదు సార్?”

“ఒక తాడు పొట్టిగా, ఒకటి పొడుగ్గా కట్టి, ఎప్పుడూ ఓ పక్కకే ఒరిగి ఊగే ఉయ్యాల ఎంతమంది ఇళ్ళల్లో ఉంటుంది?”

లెక్చరరమ్మ దొరికిపోయింది.

ఆ ఉయ్యాల కట్టింది వాళ్ళక్క. సరిహద్దు మూసేసిన ఏడాది అక్క అవతలి దేశంలో ఆసుపత్రి ఉద్యోగంలో ఉంది. రేపో మాపో తెరుస్తారనుకున్నారు, తెరవలేదు. ఫోన్లు పోయాయి, టపా పోయింది, నెట్టూ పోయింది. అక్క బతికి ఉందో లేదో చెల్లెలికి తెలియదు. చెల్లెలు ఏమైందో అక్కకీ తెలియదు.

ఇన్నేళ్ళకు రెండు ప్రభుత్వాలూ ఒక్క విషయంలో రాజీపడ్డాయి. భౌతికశాస్త్రం ఎవర్నీ తిట్టదు కదా అని వారానికోసారి ‘ఎందుకని?’ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. సగం ఇటునుంచి, సగం అటునుంచి. ఇక్కడి పాఠం మీద అక్కడివాళ్ళు ప్రశ్నలడగొచ్చు, అక్కడి పాఠం మీద ఇక్కడివాళ్ళు అడగొచ్చు. పాఠం లెక్చరరమ్మ రాస్తుంది. చదివేది మాత్రం అనౌన్సరు. రాసినవాళ్ళ పేరు చెప్పరు. గొంతూ లేదు, పేరూ లేదు. అక్క పోల్చుకోవడానికి ఇక మిగిలింది ఉదాహరణ ఒక్కటే. దాన్నే ఈ మహానుభావుడు కోసి పారేస్తున్నాడు.

“సైకిలు ఊగుతుందా సార్? లోలకమంటే ఊగాలి!”

“ముందు చక్రం పైకెత్తి, కాస్త కదిపి వదలండి. గాలి కొట్టే వాల్వు ఉన్న వైపు బరువు. అది కిందికొచ్చి, అటూ ఇటూ ఊగి ఊగి ఆగుతుంది.”

నిజమే. లెక్చరరమ్మకు ఒళ్ళు మండిందీ అందుకే. ఘర్షణ పాఠంలో ఆమె అక్క జారిపడ్డ మెట్లు రాస్తే ఈయన సైకిల్ బ్రేకు పెట్టాడు. జడత్వానికి వాళ్ళింటి పాలచెంబు రాస్తే, సడన్ బ్రేకు వేసినప్పుడు సైకిలు ముందు కడ్డీ మీద పిల్లాడు ఎలా తూలిపోతాడో రాశాడు. ప్రతిసారీ ఆ పచ్చ సైకిలే, సీటుకు గుడ్డ చుట్టిన ఆ డొక్కు సైకిలే.

“పోనీ, పచ్చదే ఎందుకు?”

“రంగు చెప్తే వినేవాళ్ళ కళ్ళకు కడుతుంది.”

“మరి సీటుకు గుడ్డ?”

“చిరిగిన సీటుకు గుడ్డ కాక శాలువా చుడతారా?”

లెక్చరరమ్మకు నవ్వు రాలేదు. గొంతు తగ్గించి, “ఒక్క వారం సార్. ఒక్క వాక్యం. మా అక్క వింటే చాలు, పోల్చుకుంటుంది. నేనున్నానని తెలిస్తే చాలు,” అంది.

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

“ఉన్నది పది నిమిషాల పాఠం. ఒక్క ఉదాహరణకే చోటు. పైవాళ్ళకు అనుమానమొచ్చిందా, కార్యక్రమమే ఎత్తేస్తారు. అప్పుడు మీ అక్క వినడానికి ఏం మిగులుతుంది?” అని టప్పున ముద్ర గుద్దాడు.

ఆమె బాత్రూములోకి వెళ్ళి పంపు తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చింది.

మరుసటి వారం ఇటువైపు పాఠం అయిపోయింది. అనౌన్సరు సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. కత్తెరాయన మాత్రం కదల్లేదు. ఎప్పుడూ కదలడు. “అవతలివాళ్ళేమంటారో వినడమూ డ్యూటీయే,” అంటాడు. రేడియోకి దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లెక్చరరమ్మా కూర్చుంది. ఏ వారమైనా, ఏ ప్రశ్నలోనైనా అక్క తగలకపోతుందా అని ఆమె ఆశ.

“పోయిన వారం లోలకం పాఠం విన్న ఒక శ్రోత ఇలా అడుగుతున్నారు,” అంది అవతలి గొంతు.

ఆమె కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

“ఆ పచ్చ సైకిలుకు గంట లేదు. అందుకని ముందు కడ్డీ మీద కూర్చున్నవాడే నోటితో ట్రింగ్ ట్రింగ్ అనాలి. ఎదురుగాలి కొడుతుంటే ఆ చప్పుడు ఎదురొచ్చేవాళ్ళకు బాగా వినిపిస్తుందా, వెనకవాళ్ళకా?”

లెక్చరరమ్మ ఉసూరుమంది. “చూశారా సార్! మళ్ళీ మీ సైకిలు గోలే. మా ఉయ్యాల ఉంచి ఉంటే ఇవాళ...” అంటూ టక్కున ఆగింది. “అయినా గంట లేదని మనమెప్పుడు చెప్పాం?”

కత్తెరాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవబోతే అది చేతిలోంచి జారి ఒళ్ళో పడింది. దాన్నక్కడే వదిలేసి, వచ్చేవారం పాఠం ముందుకు లాక్కున్నాడు. అందులోనూ ఉయ్యాలను ఎప్పుడో కొట్టేసి ఉన్నాడు. ఇప్పుడు సైకిల్ని కొట్టేసి, దాని పక్కన మళ్ళీ ‘ఉయ్యాల’ అని రాశాడు.

“ఇకనుంచి మీదే పెట్టుకోండమ్మా. పొట్టి తాడుతో సహా.”

“మరి నియమం?”

“నాకు చత్వారం. కనబడలేదంటాను.”

“ఇన్నాళ్ళూ ససేమిరా అన్నారు! ఇవాళ ఏమైంది సార్ మీకు?”

ఆయన రేడియో మీద చెయ్యి వేశాడు.

“మా తమ్ముడు బతికే ఉన్నాడమ్మా.”