పెన్సిల్ పని

"కూర్చోమంటే మళ్లీ లేస్తావేందిరా?" అని గుడ్లురిమాడు రంగనాయకులు.

"మీరు నిలబడి ఉంటే నేను కుర్చీలో ఎట్టా కూర్చునేది దొరా?" అన్నాడు పాలేరు మస్తానయ్య. ఒంటిమీద పట్టుపంచె, నల్లకోటు. ఆ కోటు మాసిపోతుందేమోనని చేతులు రెండూ దూరంగా చాపి నిలబడ్డాడు.

కెమెరా వెనక నల్లగుడ్డలోంచి జకరయ్య తల బయటికొచ్చింది. నెల్లూరులో స్టూడియో నడిపే మనిషి. పొద్దున బస్సులో విడవలూరు దిగాడు. దిగినప్పటి నుంచీ ఒక్క ఫోటో తీసి ఉంటే ఒట్టు.

"మీరట్టా అరవబాకండయ్యా. ఆయన బిగుసుకుపోతున్నాడు. బిగుసుకున్న ముఖాన్ని ఏ కెమెరా బాగుచెయ్యలేదు."

"ఫోటో కుదరకపోతే పోయేది నా పరువయ్యా, నీది కాదు!"

నిజమే. రంగనాయకులు తండ్రి పోయి ఏడాది కావస్తోంది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆ పెద్దాయన బతికినన్నాళ్లూ కెమెరాకు చిక్కలేదు. ఆయుష్షు దండిగానే మిగుల్చుకుని ఎనభై దాటి పోయాడు గానీ, కొడుకుకు గోడమీద ఒక్క పటం మిగల్చలేదు. సంవత్సరీకానికి బంధువులంతా వస్తారు. దండ దేనికి వెయ్యాలి? ఎదురింటివాళ్లకు తాత పటం కూడా ఉంది.

ఉపాయం చెప్పింది జకరయ్యే. వయసు మళ్లిన మనిషినొకణ్ణి పోయిన పెద్దాయన కోటు తొడిగి కూర్చోబెడితే చాలు, ఫోటో తీసి, నెగటివ్ మీద పెన్సిల్‌తో ముక్కూ మూతీ దిద్ది పెద్దాయన్నే చేసి ఇస్తానన్నాడు. పెళ్లి సంబంధాలకు పంపే ఫోటోల్లో ఎంతమంది స్ఫోటకం మచ్చలు మాయం చేసిన పెన్సిలో అది!

రంగనాయకులు తల్లి ఆదిశేషమ్మ మాత్రం ఒక్కటే మాట అన్నది. "అది మీ నాయన ముఖం కాకపోతే నేను దీపం పెట్టను. తీసుకుపోయి బావిలో పారేస్తా."

అన్నంత పనీ చేసే మనిషి ఆమె.

ఇంట్లో పనిచేసే ముసలివాళ్లందరికీ, ఎందుకో చెప్పకుండా, ఆ కోటు తొడిగి చూశారు. ఒకడికి వేలాడింది. ఇంకొకడికి గుండీలు పట్టలేదు. మస్తానయ్యకు మాత్రం కొలతలు తీసి కుట్టినట్టు అతికింది. "ముఖం సంగతి పెన్సిల్ చూసుకుంటుంది, ఈయన్నే కానిద్దాం" అన్నాడు జకరయ్య.

తీరా చూస్తే మస్తానయ్య కుర్చీలో నిలవడం లేదు.

"ముఖానికి ఒక పక్క నీడ పడుతున్నది" అన్నాడు జకరయ్య మళ్లీ నల్లగుడ్డలోకి దూరి చూసి. "ఆ దండెం మీది తెల్లపంచె మడత విప్పి ఎండకు ఎదురుగా పట్టుకోండయ్యా. దాని వెలుగు ఆయన ముఖాన పడాలి."

"నేనా పట్టుకునేది?"

"ఇంకెవరుండారు? గుట్టు బయటపడకూడదని అందర్నీ పంపించేసింది మీరే గదా."

రంగనాయకులు పళ్లు కొరుకుతూ పంచె పట్టుకున్నాడు.

"కొంచెం దించండి. ఇంకా దించాల. అట్టా కాదు గానీ, మోకాళ్ల మీద కూర్చోండి."

ఊళ్లో ఎవరి ముందూ వంగని రంగనాయకులు తన పాలేరు కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. అది చూసి మస్తానయ్య అదిరిపడి మళ్లీ లేవబోయాడు.

"పెద్దాయనా, ఆగు" అన్నాడు జకరయ్య మెల్లగా. "నువ్వు ఎవరిమీదన్నా కోప్పడతావా?"

"మా ఎద్దులమీద తప్ప ఎవరిమీద కోప్పడతాను సామీ?"

"అయితే మాట వినని ఎద్దు నీ ఎదురుగా ఉందనుకో. దాన్నే చూడు."

మస్తానయ్య ఎదురుగా ఉన్నది చూశాడు. తలపాగా కళ్లమీదికి లాక్కుని ఎప్పుడూ నేలచూపులు చూసే మనిషి, ఇవాళ తలపాగా లేకుండా తలెత్తాడు. దవడ బిగిసింది. ఎడమ కనుబొమ కాస్త పైకి లేచింది.

రంగనాయకులు పంచె పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే తల దించుకున్నాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి, సముద్రపు ఒడ్డున చెప్పులు పోగొట్టుకుని, భయపడుతూ ఇంటికొచ్చి నాయన ముందు నిలబడిన రోజు గుర్తుకొచ్చింది. ఎందుకు గుర్తుకొచ్చిందో ఆయనకే తెలియలేదు. కోటు మహిమ అనుకున్నాడు.

"కదలబాకండి!" అన్నాడు జకరయ్య. ఫోటో పడింది.

సంవత్సరీకం దగ్గరపడుతుండగా జకరయ్య ఫోటో పట్టుకుని వచ్చాడు. దాన్ని చూడగానే రంగనాయకులు పరుగున తీసుకుపోయి తల్లి చేతిలో పెట్టాడు.

ఆదిశేషమ్మ గడప దగ్గర వెలుతురులోకి వచ్చి నిలబడి చూసింది. చూస్తూనే ఉంది. బావి పెరట్లోనే ఉంది గనక రంగనాయకులు పెరటి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మీ నాయనే" అన్నది చివరికి. పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆ కనుబొమ కూడా."

"బతికించినావమ్మా!"

"ఈ పూట మస్తానయ్యకు కొట్టంలో అన్నం పెట్టొద్దని చెప్పు. నడవలో ఆకేసి వడ్డించమను."

"కోటు తొడుక్కున్నందుకే నడవలో విస్తరా?"

ఆదిశేషమ్మ ఫోటో కొడుకు చేతికి ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

ముసలితనపు చాదస్తం అనుకుని రంగనాయకులు వసారాలోకి వచ్చాడు. ఆనందం పట్టలేక జకరయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ చెయ్యి బంగారం గానూ! పుట్టినప్పటి నుంచీ మా కొట్టంలో పడుండే వాడి ముఖంలోంచి మా నాయనను బయటికి లాగినావే! ఏం పెన్సిలయ్యా నీది!"

జకరయ్య మొహమాటంగా చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"పెన్సిల్ ఇంకా తాకించనే లేదయ్యా. ఎక్కడెక్కడ దిద్దాలో అమ్మగారిని అడిగి పోదామని, ముందు ఆయన ముఖం ఉన్నది ఉన్నట్టే తెచ్చినాను."