మూడు రోజుల ఆలస్యం

ఆడవాళ్ళ బ్యాచికి ఈత నేర్పి, తడి జుట్టు ముడేసుకుని ఆమె గేటు దాటేసరికి ఒక పెద్దావిడ దారికి అడ్డంగా నిలబడింది.

"ఈత టీచరమ్మవి నువ్వేనా?"

"కొత్త బ్యాచి వచ్చే నెలండీ. ఫారం లోపలిస్తారు."

"ఈ వయసులో నాకు ఈతెందుకమ్మా. ఇది చూడు."

పాత ఫోను, మూల పగిలింది. తెర మీద వీడియో, కొలను పక్కనున్న బట్టలు మార్చుకునే గది. అందులో తను.

ఆమె నాలుగు సెకన్లు చూసింది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఎదురుగా బస్సు ఆగింది, జనం దిగారు, బస్సు వెళ్ళిపోయింది. లోకం తన పని తాను చూసుకుంటోంది.

వేలు మాత్రం దానంతటదే చెరిపేసే గుర్తు మీదికి పోయింది.

పెద్దావిడ చటుక్కున ఫోను లాక్కుంది.

"చెరపకు తల్లీ! అది పోతే సాక్ష్యం పోయినట్టే. ఇది ఇలాగే పోలీసు స్టేషన్లో ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు రాయించుకో."

"నీకేం కావాలి?"

అప్పటిదాకా అండీ అన్న మనిషిని నువ్వు అనేశానని ఆమె గమనించనే లేదు.

"నాకేం వద్దు. పద, నేనూ వస్తాను."

"మా అత్తగారికి తెలిస్తే? మా ఆయనకి? రేపు నా దగ్గరికి ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు?"

"నీ పేరు బయటికి పొక్కనివ్వరట. నెట్లో ఎక్కడైనా పెట్టి ఉంటే తీయించేస్తారట. ఏ స్టేషనుకి వెళ్ళినా కాదనకుండా ఫిర్యాదు రాసుకోవాలట."

పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పింది.

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"మూడు రోజులుగా కోర్టు చుట్టూ తిరుగుతున్నా. కనబడ్డ ప్లీడరునల్లా అడిగా."

కదలబోయిన ఆమె ఆగిపోయింది.

"ఇది నీ కంటబడి మూడు రోజులైందా?"

"అయింది."

"ఆ మూడు రోజులూ నేను ఆ గదిలోనే బట్టలు మార్చుకున్నాను. నాతోపాటు ఇరవై మంది."

"తెలుసమ్మా" అంది పెద్దావిడ.

ఇద్దరూ స్టేషనుకి బయల్దేరారు. పెద్దావిడ రెండడుగులు వెనకే నడిచింది.

స్టేషన్లో ఆడ ఆఫీసరు కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, కాగితం ముందేసుకుంది.

"మీరు చెప్పండి, నేను రాస్తాను. రాజీ పడమని ఎవరైనా మీ ఇంటికొస్తే ఆ సంగతీ నాకు చెప్పండి. ముందు ఈ ఫోను ఎవరిదో తేలాలి."

పెద్దావిడ ఆఫీసరు దగ్గరికి వంగింది.

"లోపల చెప్తానమ్మా. ఈ పిల్ల ముందు వద్దు."

అదీ సంగతి అనుకుంది ఆమె. తీసినవాడితో బేరం కుదరక ఇటొచ్చి ఉంటుంది. ఏమీ ఎరగనట్టు తల్లీ, అమ్మా అని వరసలొకటి!

"మీకు అనుమానం ఎవరి మీద?" అడిగింది ఆఫీసరు.

"తీసినవాడెవడో నాకు తెలీదు. ఈవిడ పేరు మాత్రం రాయండి. మూడు రోజులు దాచింది."

ఆఫీసరు కలం ఆపి పెద్దావిడ వైపు చూసింది.

"రాయండమ్మా. దాచిన మాట నిజమే" అందావిడ.

ఆమె చదవకుండానే సంతకం పెట్టింది. పెద్దావిడను లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశారు.

ఆమె బల్ల మీద కూర్చుంది. ముడి జారి వీపంతా తడిసినా తుడుచుకోవాలని తోచలేదు. గోడ మీద ఎవరివో ఫొటోలుంటే వరసగా లెక్కపెట్టింది, మర్చిపోయి మళ్ళీ మొదలుపెట్టింది.

అరగంటకి ఆఫీసరు రెండు కాగితాలతో బయటికొచ్చింది.

"ఇది మీ ఫిర్యాదు నకలు. ఇది ఫోనుకి రసీదు."

"ఆవిడేదీ?"

"పెరటి దారిన జీపులో పంపించాను."

"అరెస్టు చేశారా?"

అడుగుతుంటే, ఇందాకట్నుంచి మొద్దుబారి ఉన్న గుండెకి మొదటిసారి కాస్త హాయిగా అనిపించింది.

ఆఫీసరు ఫిర్యాదులో పెద్దావిడ గురించి రాసిన చోట వేలు పెట్టింది.

"లేదు. ఇల్లు చూపించడానికి వెళ్ళింది."

"ఎవరిల్లు?"

"తన ఇల్లే. ఆ ఫోను మీ కొలను దగ్గర పంపు చూసే అతనిది, ఈ వేళకి భోజనానికొస్తాడట, కన్నకొడుకు కదా, తను వడ్డిస్తుంటే మధ్యలో లేచి పారిపోడని ఆవిడే చెప్పింది."