ముందు టైర్లు

"నాలుగు చక్రాలూ శుభ్రంగా తిరుగుతున్నాయి కదయ్యా! తిరిగేవాటి చోటు మార్చడమెందుకు? నాకేం పనీపాటా లేదనుకున్నావా?" అని నీళ్ల ఆఫీసు పెద్దసారు టైర్ల షాపు ముందు నిలబడి గయ్యిమన్నారు.

ఆఫీసులో అందరూ ఆయన్ని యథాతథం గారంటారు. వెనకాల అంటారు లెండి. ఏ అర్జీ వచ్చినా దాని మీద 'యథాతథం' అని రాసి సంతకం పెట్టేయడం ఆయన అలవాటు. మహానుభావుడు, ఇంతవరకు ఒక్క బల్లని గానీ ఒక్క మనిషిని గానీ ఉన్న చోటు నుంచి కదిలించిన పాపాన పోలేదు.

పక్కనే ఫైళ్ల కట్ట మోస్తూ కౌంటరమ్మ నిలబడింది. ఫిర్యాదుల కౌంటర్లో నాలుగేళ్లుగా ఆవిడే. ఎండాకాలం కుళాయిలు ఎండిపోతే ఊరంతా వచ్చి తిట్టేది ఆవిడనే. అద్దంలో ఉన్న చిన్న కంతలోంచి అరిచి అరిచి గొంతు సగం పోయింది. ఆవిడ గొంతూ, ఆవిడ కుర్చీ చక్రాలూ ఒకేలా కీచుమంటాయని ఆఫీసులో వేళాకోళం కూడా మొదలైంది. ఇంకో ఎండాకాలం ఇలాగే అరిస్తే మిగతా సగం గొంతూ పోతుందని డాక్టరు తేల్చి చెప్పాడు. వెనక రికార్డు గదికి మార్చండి బాబూ అని ఆవిడ మూడు అర్జీలు పెట్టుకుంది. మూడింటి మీదా సారు ఏం రాసుంటారో చెప్పక్కర్లేదు. రికార్డు గదిలో ఆయన బావమరిది పొద్దస్తమానం ఫ్యాను కింద కునుకు తీస్తుంటాడు, పాపం.

అందుకే ఇవాళ హెడ్డాఫీసుకి మీటింగుకి వెళ్తుంటే, "బండి ఒక పక్కకి లాగుతున్నట్టుంది సార్, ఇక్కడో మంచి షాపుంది" అని ఆవిడే కారు ఆపించింది. షాపు ఆవిడ పెదనాన్న కొడుకుది. "మనిషి సంగతి చెబితే ఆయన తలకెక్కదు అన్నయ్యా, టైరు మీద పెట్టి చెప్పు" అని నిన్ననే బతిమాలుకుంది.

అన్నయ్య జాకీ పెట్టి కారు లేపాడు.

"ఇటు రండి సార్. ఈ ముందు టైరు గాడిలో గోరు పెట్టి చూడండి. దిగుతోందా?"

"లేదే!"

"ఇప్పుడు వెనకదాంట్లో పెట్టండి."

గోరు హాయిగా దిగింది. "అరె! నాలుగూ ఒకే రోజు కొన్నానయ్యా!"

"కొన్నది ఒకే రోజే సార్. చాకిరీ మాత్రం ఒకటి కాదు. ఇంజను బరువంతా ముందువాటి మీదే. మలుపు తిప్పేవీ అవే, బ్రేకు కొడితే ముందు దెబ్బ తినేవీ అవే. వెనకవి ఊరికే వెంట వస్తుంటాయి."

"ఆహా!"

"పైగా మన ఊరి ఎండ. మధ్యాహ్నం తారు మీద చెప్పుల్లేకుండా నిలబడగలరా మీరు? వేడికి రబ్బరు ఇంకా తొందరగా అరుగుతుంది. చల్లటి ఊళ్లో అయితే పదివేల కిలోమీటర్లకి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చినా సరిపోతుంది. ఇక్కడ ఏడెనిమిది వేలకే మార్చెయ్యాలి. అంత తిరక్కపోయినా ఆర్నెల్లకోసారి. ఎండలు ముదరక ముందే అయితే మరీ మంచిది."

"మార్చకపోతే?"

అన్నయ్య ఒకసారి చెల్లెలి వంక చూశాడు. "ఏముంది సార్, ఒక రోజు మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద ఢామ్మంటుంది. ఇక అప్పుడు లబోదిబోమన్నా లాభం లేదు. పాపం అది మూడుసార్లు చెప్పే ఉంటుంది. మనమే విని ఉండం."

పెద్దసారు కదిలిపోయారు. అరిగిన టైరుని చేత్తో నిమిరారు కూడా. కళ్లు తుడుచుకున్నారు. అది కన్నీరో చెమటో ఆ ఎండలో ఎవరు చెప్పగలరు?

"ఎంత అన్యాయమయ్యా! రెండు ముందుండి ఇంత మోస్తుంటే రెండు వెనకాల షికారు చేస్తున్నాయా? ఆ డిక్కీలోది మరీ దారుణం. కొన్నప్పట్నుంచీ పడుకునే ఉంది!"

"దాన్నీ లేపి పనిలో పెట్టాలి సార్" అన్నాడు అన్నయ్య, నవ్వు పళ్ల మధ్య నొక్కిపట్టి.

కౌంటరమ్మ ఇక ఆగలేకపోయింది. మిగిలిన సగం గొంతునీ కూడదీసుకుని, "సార్, మన ఆఫీసులోనూ అంతే సార్. ముందు కౌంటర్లో నాలుగేళ్లుగా..." అంది.

"చెప్పకమ్మా, చెప్పకు!" పెద్దసారు చెయ్యెత్తారు. "నాకంతా అర్థమైంది. ఇన్నాళ్లూ నా కళ్లు మూసుకుపోయాయి. నాలుగేళ్లు ఒకే చోట! ఎంత అరుగుదల! మీటింగు అయ్యేదాకా కూడా ఆగను, చూడు."

అక్కడికక్కడే ఫోను తీసి హెడ్‌గుమాస్తాకి కలిపారు.  కౌంటరమ్మ చేతుల్లోంచి ఫైళ్ల కట్ట జారిపోతుంటే అన్నయ్య పట్టుకున్నాడు.

"ఆ, నేనే. అర్జెంటుగా ఆర్డరు రాయండి. మన దగ్గర మార్పులు చెయ్యాలి. అవునండీ, మార్పులే, నేనే మాట్లాడుతున్నాను! ముందు కౌంటర్‌కీ రికార్డు గదికీ. ఇకనుంచి ఆర్నెల్లకోసారి, ఎండలు ముదరక ముందే. మా బావమరిది ఉంటే ఏంటండీ? వాడి గదయినా సరే, మొహమాటం లేదు!"

కౌంటరమ్మకి ఏడుపొచ్చేసింది. ఫోను పెట్టేదాకా కూడా ఆగకుండా రెండు చేతులూ జోడించి, "మీ మేలు ఈ జన్మలో మరిచిపోను సార్" అంది.

"నాకెందుకమ్మా, ఈ టైర్లాయనకి పెట్టు దండం" అని పెద్దసారు చిరునవ్వు నవ్వి, మళ్లీ ఫోన్లోకి తిరిగారు. "ఆ, రాశారా? కౌంటర్లో కుర్చీ రికార్డు గదిలోకి, రికార్డు గదిలో కుర్చీ కౌంటర్లోకి. వాటి కిందా చక్రాలే కదండీ, నాకింతకాలం తట్టనేలేదు! ఏంటీ? మనుషులా? మనుషులు యథాతథం. మనిషేమైనా రబ్బరా అండీ, అరిగిపోవడానికి?"